కువైట్‌కు పోయే మేనల్లుడికి ఎండ గురించి

మా అక్క కొడుకుకు కువైట్ వీసా వచ్చింది. జూన్ మొదటి వారంలో ప్రయాణం. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చి, అక్కడి గది అద్దెలు, జీతాలు, సిమ్ కార్డుల సంగతులన్నీ అడిగి తెలుసుకున్న తర్వాత, చివరలో ఏదో మాట వరుసకు అన్నట్టు అడిగాడు: "ఎండ సంగతేంది మామా? మన కడప ఎండ చూసినోడికి ఆడ ఏమైతాది లే?"

పదకొండేళ్ళ కిందట సరిగ్గా ఇదే మాట నేను అన్నాను కాబట్టి వాడిని నవ్వి వదిలేయలేకపోయాను. భోజనాలైన తర్వాత కూర్చోబెట్టి దాదాపు రెండు గంటలు మాట్లాడాను. అందులో సగమైనా వాడికి గుర్తుంటుందో లేదో అన్న అనుమానంతో, వాడితో పాటు ఇంకెవరికైనా పనికి వస్తుందన్న ఆశతో, ఆ మాటలనే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

కడప ఎండను తక్కువ చేయవలసిన పని లేదు. ఒకవైపు పాలకొండలు, ఇంకొకవైపు నల్లమల కొండలు అడ్డంగా నిలబడి ఉన్న ఈ పల్లపు నేలలో మే నెల వేడి పగలంతా పేరుకుని, రాత్రి కూడా సులభంగా వదలదు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెతను మా అవ్వ ఏటా ఒకసారైనా అనేది. అయితే కడపలో పుట్టడం వేరు, ఎండకు అలవాటు పడి ఉండడం వేరు. మా మేనల్లుడు మూడేళ్ళుగా ఏసీ ఉన్న సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తున్నాడు. పొద్దున తొమ్మిదికి లోపలికి పోయి రాత్రి తొమ్మిదికి బయటికి వస్తాడు. వాడి ఒంటికి ఎండ చుట్టమే తప్ప ఇంటి మనిషి కాదు.

నా సంగతీ అంతే. 2015 మే నెలాఖరున నేను కువైట్ విమానం ఎక్కాను. ఆ నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారని పేపర్లలో రోజూ వార్తలు వచ్చాయి. ఆ మరణాలు ఎక్కువగా కోస్తా జిల్లాల్లోనే నమోదు కావడంతో, రాయలసీమవాళ్ళం మేము గట్టివాళ్ళమని స్నేహితుల దగ్గర గొప్పలు కూడా పోయాను. అంతకుముందు రెండేళ్ళు నేను చేసినది ఒక ఆఫీసులో ఫ్యాను కింద లెక్కలు రాసే పని అన్న సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు.

కువైట్‌లో నాకు దొరికినది ఒక పైపులైను పనిలో సర్వేయరుకు సహాయకుడి ఉద్యోగం. జహ్రా ఊరు దాటి, ఉత్తరాన ఇరాక్ సరిహద్దు వైపు పోయే రోడ్డు నుంచి పక్కకు తిరిగితే మా సైట్. కొలత పరికరం గురి చూసే ప్రిజం అనే గాజుబిళ్ళను బిగించిన కర్రను వరసగా ఒక్కొక్క మేకు మీద నిటారుగా నిలబెట్టి, ఆ మేకు నంబరును వాకీటాకీలో చెప్పాలి. అంతే పని. దిగిన మూడో రోజు నుంచే పూర్తి పూట పనిలో పెట్టారు. కొత్తవాడినని ఎవరూ తగ్గించలేదు, తగ్గించమని అడగాలన్న తెలివి నాకూ లేదు.

సైట్‌కు పోయిన మూడో రోజు, పొద్దున పది గంటల సమయం. బండి తెర మీద బయటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు అని చూపుతోంది. ఒంటి మీద చెమట చుక్క కూడా కనబడడం లేదు కాబట్టి నాకేమీ కాలేదనే అనుకుంటున్నాను. ఉన్నట్టుండి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని చలి వేసినట్టయింది. అంత ఎండలో చలి ఏమిటని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత సర్వేయరు నన్ను నంబరు అడగడం, నేను "పదిహేడు" అని చెప్పడం గుర్తుంది. నేను వరసగా మూడు మేకులకూ పదిహేడనే చెప్పానట. మాతో పాటు పనిచేసే రాజస్థాన్ బాడ్మేరు ప్రాంతపు పెద్దాయన ఒకాయన, మేమందరం చాచా అని పిలిచేవాళ్ళం, పరుగెత్తుకుంటూ వచ్చి నా చేతిలోని కర్ర లాక్కుని, నన్ను బండి నీడకు నడిపించి, బూట్లు విప్పి, చొక్కా గుండీలు తీసి, తాగే నీళ్ళ డబ్బానే ఎత్తి ఛాతీ మీద, మెడ మీద కుమ్మరించాడు. కారు తలుపుతో విసనకర్ర ఆడించినట్టు గాలి కొట్టాడు. నేను కోలుకున్న తర్వాత ఆయన నన్ను ఏమీ అనలేదు కానీ, సర్వేయరును మాత్రం హిందీలో బాగా తిట్టాడు.

చలి వేయడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, చెప్పిన మాటనే మళ్ళీ చెప్పడం, ఇవన్నీ ఒంట్లో వేడి అదుపు తప్పుతున్నదనడానికి గుర్తులని నాకు తర్వాత తెలిసింది. ఇంకొక పావుగంట గడిచి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ ఇష్టం ఉండదు.

అందుకే మేనల్లుడికి మొట్టమొదట చెప్పినది నీళ్ళ గురించి కాదు, మొదటి రెండు వారాల గురించి. మన ఒంటికి మన సొంత ఊరు ఏదో తెలియదు, గడచిన పది పదిహేను రోజులు మాత్రమే తెలుసు. రోజూ కొంత కొంతగా ఎండలో పని చేస్తూ పోతే, ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో ఒళ్ళు తనను తాను మార్చుకుంటుంది. చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది, అదే పనికి గుండె అంత వేగంగా కొట్టుకోవలసిన అవసరం ఉండదు. ఎండలో పని చేస్తూ చనిపోయినవారిలో దాదాపు సగంమంది పనిలో చేరిన తొలిరోజునే, 70 శాతానికి పైగా తొలివారంలోనే పోయారని అమెరికా కార్మిక భద్రతా శాఖ లెక్క. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు మామూలు పనిలో 20 శాతం మాత్రమే ఎండలో ఇచ్చి, రోజుకు ఇంకొక 20 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలని అక్కడి ఆరోగ్య నిపుణులు సూచిస్తారు. అంత ఓపిక అన్ని కంపెనీలకూ ఉండదు. అందుకని ప్రయాణానికి ముందు మిగిలిన ఈ మూడు వారాలూ దుకాణం నుంచి సాయంత్రం నాలుగున్నరకు ఒక గంట బయటికి వచ్చి, చెమట పట్టేటట్టు నడవమని వాడికి చెప్పాను. ఇంకొక సంగతి, ఈ అలవాటు శాశ్వతం కాదు. సెలవుకు ఇంటికి వచ్చి నెల రోజులు మిద్దె కింద పడుకుని తిరిగి పోయినవాడు ఆ రోజు కొత్తవాడితో సమానం.

ఇక చెమట. ఎడారిలో మనిషిని బతికించేది ఇదొక్కటే. గాలి మన ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఆ గాలి మనల్ని చల్లబరచదు, పైగా వేడెక్కిస్తుంది. అప్పుడు లోపలి వేడిని బయటికి మోసుకుపోగలిగినది ఆవిరయ్యే చెమట మాత్రమే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో క్యాలరీల వేడిని తీసుకుపోతుంది. కారిపోయిన చెమటతో గాని, తుడిచేసిన చెమటతో గాని ఆ లాభం ఉండదు. ఎండ తక్కువగా ఉన్నా ఉక్కపోత ఉన్న ఊళ్ళలో ఎక్కువమంది కూలిపోవడానికి కారణం ఇదే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాక ధారలు కట్టి కారిపోతుంది. ఎడారిలో వ్యవహారం దీనికి తలకిందులుగా ఉంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పైకి కనబడేలోపే ఎగిరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, సాయంత్రానికి వీపు మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం కనిపిస్తాయి. చెమట పట్టడం లేదనుకుని నీళ్ళు తాగడం మానేసేవాడు అక్కడ దెబ్బ తింటాడు. నేను తిన్నది ఆ దెబ్బే.

2016 జూలై 21న కువైట్ వాయవ్య భాగంలోని మిత్రీబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దానిని తర్వాత పరిశీలించి ధ్రువీకరించింది. ఆ రోజు నేను అక్కడే, కువైట్‌లోనే ఉన్నాను. పొయ్యిలో ఊదుగొట్టంతో ఊదినప్పుడు ముఖానికి తగిలే సెగను రోజంతా భరించడం లాంటిది అది. అయినా చెబుతున్నాను, ఆ రోజుకంటే ఆగస్టులో సముద్రం వైపు నుంచి తేమగాలి తిరిగిన కొన్ని 42 డిగ్రీల రోజులే నాకు ఎక్కువ కష్టంగా గడిచాయి.

నీళ్ళ విషయంలో చాచా పద్ధతి నాకు నచ్చింది. దాహం కోసం ఎదురుచూడడు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి, ఒక గ్లాసు కొలతలో, నింపాదిగా తాగుతాడు. ఒకేసారి లీటరు సీసా ఎత్తి గటగటా తాగేవాళ్ళను చూసి తల అడ్డంగా ఊపేవాడు. గంటకు లీటరున్నర దాటి తాగకూడదని తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. మూత్రపిండాలు బయటికి పంపగలిగినదానికి ఒక హద్దు ఉంది. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్ళనే గంటల తరబడి పోసుకుంటూ పోతే రక్తంలో సోడియం పలచబడి, తలనొప్పి, వాంతులు, మతి తప్పడం మొదలవుతాయి. చూసేవాళ్ళు అది నీళ్ళు చాలక వచ్చినదనుకుని ఇంకా తాగిస్తారు. కనుక పూటకు సరిగా అన్నం తినాలి, తిండిలో ఉప్పు తగ్గించుకోకూడదు. గంటల తరబడి చెమటోడ్చే పని ఉన్నప్పుడు మధ్యలో ఓఆర్‌ఎస్ కలుపుకోవాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా చదును చేసి కొలవాలి. ఉప్పు ఎక్కువ వేస్తే మేలుకంటే కీడే ఎక్కువ. బీపీకి, గుండెకు మందులు వాడేవాళ్ళు, ముఖ్యంగా ఒంట్లో నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్ళు, ఈ ఉప్పు నీళ్ళ విషయం ముందుగా డాక్టరును అడగాలి. జలుబుకు వేసుకునే మాత్రల్లో కొన్నింటికి చెమటను తగ్గించే గుణం ఉంది, వాటిని వేసుకుని ఎండలోకి పోకూడదు.

కువైట్‌లో ప్రతి బకాలాలోనూ, అంటే చిల్లర కొట్లోనూ, లబన్ అమ్ముతారు. మన మజ్జిగే, కొంచెం చిక్కన. అందులో నీళ్ళు, చిటికెడు ఉప్పు కలిపితే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. మన నన్నారి షర్బత్ నాకు ప్రాణమే కానీ, అందులో ఉన్నది చక్కెరే తప్ప ఉప్పు కాదు, దాన్ని దాహానికి వాడుకోవచ్చు గాని మందుగా అనుకోకూడదు. ఇంటి నుంచి రాగిపిండి తీసుకుపోతే పొద్దున్నే అంబలి కాచుకోవచ్చని కూడా చెప్పాను. వాడు ముఖం చిట్లించాడు. ఆరు నెలలు పోతే వాడే ఫోన్ చేసి అడుగుతాడు.

బట్టల సంగతి చెప్పినప్పుడు వాడికి నమ్మకం కుదరలేదు. బనియనుతోనో పొట్టి చేతుల టీషర్టుతోనో ఉంటే చల్లగా ఉంటుందని వాడి అభిప్రాయం. ఎండ నేరుగా తగిలే చర్మం వేడెక్కుతుంది, కాలుతుంది, తేమను ఊరికే పోగొట్టుకుంటుంది. అందుకే అరబ్బులు మడమల దాకా వదులైన దిష్‌దాషా వేసుకుంటారు, తలకు గుత్రా చుట్టుకుంటారు. మన గొర్రెల కాపరులు మే నెలలో కూడా తలమీద కంబళి కప్పుకుని నడవడం చూసి చిన్నప్పుడు ఆశ్చర్యపోయేవాడిని. ఆ కంబళి వాళ్ళకు మోసుకుపోయే నీడ అని ఎడారికి పోయాకే అర్థమైంది. ఎడారి తెగలవాళ్ళు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని 1980లో కొందరు శాస్త్రవేత్తలు నెగెవ్ ఎడారిలో కొలిచి చూశారు. నల్ల అంగీ గుడ్డ తెల్లదానికంటే ఎక్కువ వేడెక్కినా, ఒంటికి చేరిన వేడి మాత్రం రెండింటిలోనూ ఒకటేనని తేలింది. అంగీ వదులుగా ఉండి, గుడ్డకూ ఒంటికీ మధ్య గాలి ఆడుతూ ఉండడం వల్ల, గుడ్డ పట్టుకున్న అదనపు వేడి చర్మం దాకా రాకముందే పోతుంది. కనుక రంగుకంటే వదులు ముఖ్యం. ఒంటికి అంటుకున్న తెల్లచొక్కా కన్నా గాలి ఆడే ముదురు రంగు చొక్కాయే మేలు. గుత్రాను నీళ్ళలో ముంచి, పిండి, మెడ చుట్టూ వేసుకుంటే పొడిగాలిలో అరగంట సేపు చల్లగా ఉంటుంది. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఇదీ అందుకే.

పని వేళల గురించి చట్టం ఉంది. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. ఆ వేళలో పని చేయమంటే కాదనే హక్కు ఉందని వాడికి రెండుసార్లు చెప్పాను. అయితే నేను పడిపోయినది పదిగంటలకు. గడియారం ఇంకా 11 కొట్టలేదని ఒళ్ళు ఆగదు.

గదిలో ఉండే ఇబ్బంది ఇంకొక రకం. అక్కడ నీళ్ళ ట్యాంకులు మిద్దె మీద ఎండలో ఉంటాయి. జూలైలో కొళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. దీనికి అక్కడివాళ్ళందరికీ తెలిసిన ఒక ఉపాయం ఉంది. వేసవి రాగానే గీజరు స్విచ్చి ఆపేస్తారు. గీజరు తొట్టి ఏసీ ఉన్న ఇంటిలోపల ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్ళు మెల్లగా చల్లబడతాయి. అప్పుడు వేడినీళ్ళ కొళాయిలో చల్లటి నీళ్ళు, చన్నీళ్ళ కొళాయిలో వేడినీళ్ళు వస్తాయి. మొదటిసారి చూసి నేను చాలాసేపు నవ్వాను. కడపకు తిరిగి వచ్చిన తర్వాత మా ఇంట్లోనూ మే నెలంతా అలాగే చేస్తున్నాము. మా మిద్దెకు ఏటా ఏప్రిల్‌లో సున్నం కూడా కొట్టిస్తున్నాను, రాత్రి పడకకు తేడా తెలుస్తుంది. మా తాతల కాలపు చవుడు మట్టి పరచిన మిద్దెకు ఈ బాధే ఉండేది కాదు, కానీ వానాకాలంలో కారేదని మా నాన్న దాన్ని పడగొట్టించారు. ఇద్దరిలో ఎవరిది తప్పో చెప్పలేను. ఫ్యాను గురించి ఒక మాట: గదిలో వేడి 40 డిగ్రీలు దాటిన తర్వాత పొడి ఒంటి మీద ఫ్యాను గాలి మేలు చేయదు, వేడిగాలిని ఒంటికి రుద్దుతుంది. కరెంటు ఉన్నా ఏసీ లేనప్పుడు ముందు తడిగుడ్డతో ఒళ్ళు తడుపుకుని ఆ తర్వాతే ఫ్యాను కింద కూర్చోవాలి.

వాడికి డ్రైవింగ్ పని కూడా పడవచ్చునన్నాడు. ఎడారి దారిలో బండి ఇసుకలో కూరుకుపోతే ఒక్కటే నియమం: బండిని వదలి నడవకూడదు. వెతికేవాళ్ళకు మనిషికంటే బండి దూరం నుంచి కనబడుతుంది, నీడా అదే ఇస్తుంది. ఎండలో ఇసుక పైభాగం 60 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే, కానీ బండి నీడలో జానెడు లోతు తవ్వితే కింద ఇసుక ఎంతో చల్లగా ఉంటుంది. బయలుదేరే ముందు ఏ దారిన పోతున్నదీ ఎవరికైనా చెప్పాలి, తాగే నీళ్ళు అవసరమనుకున్నదానికి రెండింతలు బండిలో వేసుకోవాలి. దుమ్ముగాలి లేస్తే రోడ్డు దిగి దూరంగా ఆపి, గుత్రా తడిపి ముక్కుకు కట్టుకుని, అది పోయేదాకా కూర్చోవాలి. పిల్లలను గాని, ఇంకెవరినైనా గాని ఎండలో నిలిపిన కారులో ఒక్క నిమిషమైనా వదలకూడదన్నది ఇక్కడికీ అక్కడికీ ఒకటే.

చివరిగా, పక్కవాడు పడిపోతే ఏం చేయాలన్నది. వడదెబ్బ తగిలినవాడికి చెమట ఆగిపోతుందని మన దగ్గర చాలామంది నమ్ముతారు. పని చేస్తూ చేస్తూ వడదెబ్బ తగిలినవాడి ఒళ్ళు చెమటతో తడిసే ఉండవచ్చు. చూడవలసినది చెమటను కాదు, మాటను. పేరు, రోజు, ఊరు అడిగితే తికమకపడుతున్నా, తూలుతున్నా, కారణం లేకుండా కోపపడుతున్నా అది వడదెబ్బే అనుకోవాలి. అంబులెన్సుకు ఫోన్ చేయాలి, కానీ అది వచ్చేదాకా ఊరికే కూర్చోకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు పోస్తూ గాలి విసరాలి. తొట్టిలో చల్లటి నీళ్ళు ఉంటే తల పైకి పట్టుకుని మెడ దాకా ముంచడం అన్నిటికంటే వేగంగా పని చేస్తుంది. ఐసు ఉంటే మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేస్తే ఈ వేడి తగ్గదు, ఎందుకంటే ఇది జ్వరం కాదు.

ఇంత చెప్పిన తర్వాత వాడు లోపలికి పోయి సూట్‌కేసు చూపించాడు. మా అక్క గోంగూర పచ్చడి, పప్పులపొడి, కారం డబ్బాల మధ్య ఒక సంచిలో ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, కూడా పెట్టింది. జేబులో ఎర్రగడ్డ ఉంటే వడదెబ్బ తగలదని ఆమె నమ్మకం. నేను రెండు పెట్టెల ఓఆర్‌ఎస్ పొట్లాలు, నా పాత గుత్రా తెచ్చి ఇచ్చాను. ఆ గుత్రా అంచున ఎన్నిసార్లు ఉతికినా పోని పసుపు రంగు ఉప్పు మరక ఒకటి ఉంది. అక్క దాన్ని చూసి, పిల్లవాడికి ఇటువంటిది ఇస్తావా అని, సబ్బు పెట్టి రుద్ది ఆరవేసింది. ఎర్రగడ్డలు తీసేయమని నేను అనలేదు. మొదటి వారం గదిలో వంట మొదలుపెట్టేటప్పుడు తాలింపుకు కావాలి కదా.